ఒక డిస్కు, రెండు ఓఎస్‌లు: మధ్య గోడకు తలుపు పెట్టిన చరిత్ర



డిస్కును వాడాలంటే ముందు ఫార్మాట్ చేయాలి, చేయమంటారా? విండోస్ అడిగే ఈ ప్రశ్నను మనలో చాలామంది చూసే ఉంటారు. లైనక్స్‌లో వాడిన హార్డ్‌డిస్కునో పెన్‌డ్రైవునో తీసుకెళ్లి ఏ నెట్ సెంటర్‌లోనో, జిరాక్స్ షాపులోనో పెడితే చాలాసార్లు వచ్చేది ఇదే. లోపల అన్నీ ఉంటాయి. ఊళ్లో తాతల దగ్గర కూర్చుని రికార్డు చేసుకున్న పాటలు, కులం సర్టిఫికెట్ స్కాన్లు, ప్రాజెక్టు రిపోర్టు, అన్నీ భద్రంగానే ఉంటాయి. కానీ విండోస్ లెక్కలో అది ఉత్త డిస్కు. షాపులో కూర్చున్న అబ్బాయి అలవాటుగా ఓకే కొట్టాడనుకోండి, ఇక ఆ పాటల కోసం రికవరీ సాఫ్ట్‌వేర్ల చుట్టూ తిరగాలి. దొరికితే దొరుకుతాయి, లేకపోతే లేదు.

నిజానికి మనోళ్లకు ఇది కొత్త సంగతేం కాదు. తరాలుగా పోడు కొట్టుకుని బతికిన కొండ కూడా చాలాచోట్ల కాగితం మీద ఖాళీ అడవే కదా. రికార్డు చదివేవాడికి మన భాష రాకపోతే మనం అక్కడ లేనట్టే లెక్క. కంప్యూటర్‌లోనూ ఇంచుమించు ఇదే కథ నడిచింది. ఒక ఓఎస్ రాసుకున్న రికార్డును ఇంకో ఓఎస్ ఎందుకు చదవలేకపోయింది, ఎవరు నేర్పారు, ఎవరు అడ్డుపడ్డారు అన్నది ముప్పై ఏళ్లకు పైబడిన చరిత్ర. ఈ పోస్టులో అదే చెప్పుకుందాం. కొంచెం పెద్దదే, తీరిగ్గా చదవండి.

ముందు పార్టిషన్ అంటే ఏంటో చూద్దాం. 1983లో ఐబీఎం పీసీ ఎక్స్‌టీ అనే కంప్యూటర్ వచ్చింది. అందులో 10 ఎంబీ హార్డ్‌డిస్కు ఉండేది. ఇప్పుడు మన ఫోన్‌లో రెండు మూడు ఫొటోలకే అంత అవుతుంది. దాంతోపాటు వచ్చిన పీసీ డాస్ 2.0లో డిస్కును ముక్కలు చేసే పద్ధతి పెట్టారు. డిస్కు మొదటి సెక్టార్ 512 బైట్లు. అందులో మొదటి 446 బైట్లు కంప్యూటర్‌ను లేపే చిన్న ప్రోగ్రామ్‌కు, చివరి 2 బైట్లు ముద్ర వేయడానికి. మధ్యలో మిగిలిన 64 బైట్లే పార్టిషన్ పట్టిక. ఒక్కో ముక్కకు 16 బైట్ల చొప్పున నాలుగు ముక్కలకు అది సరిపోతుంది. అంటే మొత్తం డిస్కు సర్వే రికార్డు 64 బైట్లలో ఉండేదన్నమాట. ఎక్కడ మొదలు, ఎంత విస్తీర్ణం, ఎవరిది అన్న వివరాలే అందులో ఉంటాయి.

ఆ 'ఎవరిది' అన్నదానికి ఒకే ఒక్క బైటు ఉంది. 83 అని ఉంటే లైనక్స్‌ది, 07 అని ఉంటే ఎన్‌టీఎఫ్‌ఎస్. ఈ 07 కథ కూడా తమాషాగానే ఉంటుంది. ఓఎస్/2 వాళ్ల హెచ్‌పీఎఫ్‌ఎస్‌కూ, విండోస్ ఎన్‌టీ వాళ్ల ఎన్‌టీఎఫ్‌ఎస్‌కూ ఒకటే నంబరు. ఒకే సర్వే నంబరు మీద ఇద్దరి పేర్లు ఉన్నట్టు.

పట్టికలో హద్దులు మాత్రమే ఉంటాయి. ఆ ముక్క లోపల ఫైళ్లు ఎలా సర్దారో అది చెప్పదు. ఆ సర్దుబాటు పద్ధతినే ఫైల్ సిస్టమ్ అంటాం. గొడవంతా వచ్చింది దాని దగ్గరే.

లైనక్స్ పుట్టిందే వేరేవాళ్ల పార్టిషన్‌లో అని మనలో చాలామందికి తెలియదు. 1991లో ఫిన్లాండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ దగ్గర ఉన్నది మినిక్స్ అనే ఓఎస్. ఆండ్రూ టానెన్‌బామ్ అనే ప్రొఫెసర్ పాఠాలు చెప్పడానికి రాసింది. లైనస్ తన కొత్త కెర్నల్‌ను మినిక్స్‌లో కూర్చునే రాశాడు, అక్కడే కంపైల్ చేశాడు. రెండూ ఒకే డిస్కు మీద ఉండాలి, ఒకదాని ఫైళ్లు ఇంకోదానికి కనబడాలి. అందుకే కొత్త ఫైల్ సిస్టమ్ కనిపెట్టే పని పెట్టుకోకుండా మినిక్స్ ఫైల్ సిస్టమ్‌నే వాడుకున్నాడు. అదెలా పనిచేస్తుందో టానెన్‌బామ్ పుస్తకంలోనే ఉంది మరి. ఎవరైనా చదివి నేర్చుకోవచ్చు. తర్వాత ఒకసారి మోడెమ్‌కు పంపాల్సిన డయలింగ్ కమాండ్‌ను పొరపాటున హార్డ్‌డిస్కుకే పంపి తన మినిక్స్ పార్టిషన్‌ను తనే చెడగొట్టుకున్నాడు. మినిక్స్‌ను మళ్లీ ఎక్కించకుండా అప్పటినుంచి లైనక్స్‌లోనే ఉండిపోయాడు.

మినిక్స్ పద్ధతి ఇరుకు. పార్టిషన్ 64 ఎంబీ దాటకూడదు, ఫైలు పేరు 14 అక్షరాలు దాటకూడదు. దాంతో 1992లో ఫ్రాన్స్ నుంచి రెమీ కార్డ్ ఈఎక్స్‌టీ అనే కొత్త ఫైల్ సిస్టమ్ రాశాడు. 1993లో ఈఎక్స్‌టీ2 వచ్చింది. ఇప్పుడు మనం వాడే ఈఎక్స్‌టీ4 దాని మనవడే. అయితే మన కథకు వీటికన్నా ముఖ్యమైనది వీఎఫ్‌ఎస్ అనే పొర. మినిక్స్, ఈఎక్స్‌టీ రెండూ ఒకే కెర్నల్‌లో ఉండాలి కాబట్టి, ప్రోగ్రాములకూ ఫైల్ సిస్టమ్‌కూ మధ్యలో ఒక దుబాసీని పెట్టారు. ప్రోగ్రామ్ 'ఈ ఫైలు తెరువు' అని దుబాసీకి చెబుతుంది. దుబాసీ ఏ పార్టిషన్‌కు ఏ భాష వస్తే ఆ భాషలో మాట్లాడుతుంది. ఇది ఒక్కసారి కుదిరాక కొత్త భాష నేర్పడం అంటే ఒక డ్రైవర్ రాయడమే. 1992లోనే వెర్నర్ అల్మెస్‌బెర్గర్ డాస్ ఫైల్ సిస్టమ్‌కు డ్రైవర్ రాశాడు. జాక్ జెలినా అయితే ఇంకాస్త ముందుకెళ్లి, పార్టిషన్ పనే లేకుండా డాస్ ఫోల్డర్ లోపలే లైనక్స్ నడిచేలా యూఎంఎస్‌డాస్ తయారుచేశాడు.

డాస్ వాడింది ఫ్యాట్ అనే పద్ధతి. 1977లో మైక్రోసాఫ్ట్‌లో మార్క్ మెక్‌డొనాల్డ్ ఫ్లాపీల కోసం తయారుచేసింది. ఎంత సాదాగా ఉంటుందంటే, కాస్త కోడింగ్ వచ్చినోళ్లు పట్టుబట్టి కూర్చుంటే దాన్ని చదివే ప్రోగ్రామ్ రాసేయొచ్చు. ఏ ఫైలు ఏ గడిలో మొదలైంది, దాని తర్వాత ఏ గడి అన్నది ఒక పట్టికలో వరసగా రాసి ఉంటుంది, అంతే. యజమాని ఎవరు, ఎవరు చదవొచ్చు లాంటివేవీ ఉండవు. అందుకే కెమెరా, ఎంపీ3 ప్లేయర్, కారు స్టీరియో అన్నీ ఫ్యాట్‌నే పట్టుకున్నాయి. కొండ మీదోళ్లు, కిందోళ్లు కలుసుకునే వారపు సంత లాంటిదన్నమాట. ఎవరి ఊరి కట్టుబాట్లు అక్కడ నడవవు, కానీ సరుకు చేతులు మారుతుంది. రెండు ఓఎస్‌లు పెట్టుకున్నోళ్లు చాలా ఏళ్లపాటు చేసిందీ ఇదే. ఒకటి విండోస్ పార్టిషన్, ఒకటి లైనక్స్ పార్టిషన్, మధ్యలో పంచుకోవడానికి ఒక ఫ్యాట్32 పార్టిషన్. ఇబ్బంది ఏంటంటే ఒక్కో ఫైలు 4 జీబీ దాటకూడదు. పెద్ద వీడియో రికార్డింగు అయితే మధ్యలోనే ఆగిపోతుంది.

అసలు గట్టి గోడ ఎన్‌టీఎఫ్‌ఎస్‌ది. 1993 జులైలో విండోస్ ఎన్‌టీ 3.1తో వచ్చింది. మంచి ఫైల్ సిస్టమ్, అందులో అనుమానం లేదు. ప్రతి ఫైలుకూ మాస్టర్ పట్టికలో ఒక రికార్డు, ఎవరికి ఏ హక్కు ఉందో లెక్క, కరెంటు పోయినా పాడవకుండా ముందుగానే రాసుకునే చిట్టా, అన్నీ ఉన్నాయి. కానీ డిస్కు మీద ఏ బైటు ఎక్కడ ఉంటుందన్న పూర్తి వివరాన్ని మైక్రోసాఫ్ట్ బయటపెట్టలేదు. మినిక్స్‌కు పుస్తకం ఉంది, ఈఎక్స్‌టీ2కు సోర్సు కోడే బయట ఉంది, దీనికి ఏదీ లేదు. అలాంటప్పుడు చేయగలిగింది ఒకటే. ఎన్‌టీఎఫ్‌ఎస్ డిస్కు ముందేసుకుని, ఒక ఫైలు సృష్టించి ఏ బైట్లు మారాయో చూడటం, చెరిపేసి మళ్లీ చూడటం. మార్టిన్ ఫాన్ లోవిస్ అనే జర్మన్ 1995 ప్రాంతంలో ఈ పనికి దిగాడు. 1997 చివర్లో ఆ డ్రైవర్ లైనక్స్ కెర్నల్‌లోకి వచ్చింది. తర్వాత ఆంటన్ అల్టాపర్మకోవ్ బాధ్యత తీసుకుని 2002లో మొత్తం తిరగరాశాడు.

ఇక్కడ ఒక సంగతి అర్థం చేసుకోవాలి. చదవడం వేరు, రాయడం వేరు. చదవాలంటే మాస్టర్ పట్టికలో ఫైలు రికార్డు దొరికితే చాలు. రాయాలంటే అట్లా కుదరదు. ఖాళీ గడుల పటంలో గుర్తు పెట్టాలి, ఫోల్డర్ ఇండెక్స్ చెట్టులో కొత్త కొమ్మ కట్టాలి, చిట్టాతో లెక్క సరిపోవాలి. ఇందులో ఏ ఒక్కటి తప్పినా, పక్క ఫైలు మీద ఇంకో ఫైలు కూర్చుంటుంది. అందుకే కెర్నల్ 2.4 సెట్టింగుల్లో ఎన్‌టీఎఫ్‌ఎస్ రాత అనే వరస పక్కన బ్రాకెట్లో 'ప్రమాదకరం' అని ఇంగ్లీషు పెద్దక్షరాల్లో రాసి పెట్టారు. తిరగరాసిన డ్రైవర్ ఇంకా జాగ్రత్త పడింది. ఉన్న ఫైలులో, దాని సైజు మారకుండా మాత్రమే మార్చనిచ్చేది. కొత్త ఫైలు పెట్టడం, పేరు మార్చడం, చెరపడం ఏదీ లేదు. అప్పట్లో చాలామంది విసుక్కున్నారు గానీ, మా లెక్కలో అది సరైన పద్ధతే. తెలియనిదాన్ని తెలిసినట్టు రాసి పరాయివాడి డిస్కు చెడగొట్టడం కన్నా చేతులు కట్టుకు కూర్చోవడం మేలు.

ఓపిక పట్టలేనోళ్లు కూడా ఉన్నారు. చెక్ ప్రోగ్రామర్ యాన్ క్రాటోచ్విల్ 2003లో క్యాప్టివ్ అనే విచిత్రం చేశాడు. ఎన్‌టీఎఫ్‌ఎస్ రహస్యం తెలిసింది విండోస్ డ్రైవర్‌కే కదా, మరి ఆ డ్రైవర్‌నే తెచ్చి లైనక్స్‌లో నడిపిస్తే? అదే చేశాడు. రియాక్ట్‌ఓఎస్ ముక్కలు కొన్ని కలిపి విండోస్ కెర్నల్ ఉన్నట్టు నాటకం కట్టించి, విండోస్ సొంత ఫైలుతోనే రాయించాడు. చాలా నెమ్మది, కానీ రాత నమ్మకంగా జరిగేది. పేరుకు తగ్గట్టు బందీని తెచ్చి పని చేయించుకోవడమే!

అసలు మలుపు 2006లో వచ్చింది. హంగేరీకి చెందిన సబోల్చ్ సకాచిచ్ అప్పటికే ఎన్‌టీఎఫ్‌ఎస్ పార్టిషన్ సైజు మార్చే పనిముట్టు రాసి ఉన్నాడు. విండోస్ మెషిన్‌లో లైనక్స్ ఎక్కించడానికి చోటు చేసేది అలాంటి పనిముట్లే. అతను ఆ ఏడాది జులైలో ఎన్‌టీఎఫ్‌ఎస్-3జీ ప్రకటించాడు. 2007 ఫిబ్రవరిలో 1.0 వెర్షన్ వచ్చింది. ఫైలు పెట్టొచ్చు, చెరపొచ్చు, పేరు మార్చొచ్చు. ఇది కెర్నల్‌లో కాకుండా ఫ్యూజ్ అనే ఏర్పాటు ద్వారా మామూలు ప్రోగ్రామ్‌లా బయట నడుస్తుంది. ఏదైనా తేడా వస్తే ఆ ప్రోగ్రామ్ పడిపోతుంది గానీ మెషిన్ మొత్తం ఆగిపోదు. కాస్త నెమ్మది, ప్రాసెసర్‌ను ఎక్కువ తింటుంది. అయినా దాదాపు ప్రతి లైనక్స్ పంపిణీ దాన్ని తీసుకుంది. 2008లో ఉబుంటు 8.04తో వచ్చిన వూబీ గుర్తుందా? పార్టిషన్ చేయకుండా విండోస్ లోపల ఒక పెద్ద ఫైలుగా ఉబుంటు కూర్చునేది. హాస్టల్ మెషిన్లు, అరువు మెషిన్ల మీద లైనక్స్ నేర్చుకోవాలనుకున్నోళ్లకు అది వరం. అది ఎన్‌టీఎఫ్‌ఎస్-3జీ పుణ్యమే.

అటువైపు సంగతేంటి? లైనక్స్ పార్టిషన్‌లో రహస్యం ఏమీ లేదు, కోడ్ అంతా బయటే ఉంది. అయినా విండోస్ తనంతట తాను దాన్ని చదవడం నేర్చుకోలేదు. అవసరం అనుకోలేదు, అంతే. జాన్ న్యూబిగిన్ ఎక్స్‌ప్లోర్2ఎఫ్‌ఎస్, స్టెఫాన్ ష్రైబర్ ఈఎక్స్‌టీ2 ఐఎఫ్‌ఎస్, మ్యాట్ వూ ఈఎక్స్‌టీ2ఎఫ్‌ఎస్‌డీ, ఇలా బయటివాళ్లే విండోస్‌కు లైనక్స్ పార్టిషన్ చూపించే పనిముట్లు రాశారు. తెలియనివాడు నేర్చుకోలేకపోవడం ఒక రకం, పుస్తకం ముందే ఉన్నా తెరవకపోవడం ఇంకో రకం. మొదటి రకం మీద మాకు కోపం లేదు.

అయితే న్యాయంగా చెప్పాలంటే, మొదట్లో చెప్పిన ఫార్మాట్ ప్రశ్న వెనక లైనక్స్ వైపు తప్పు కూడా కొంత ఉంది. జీపీటీ అనే కొత్త పార్టిషన్ పట్టిక వచ్చాక, ఒక బైటు నంబరు పోయి ప్రతి రకానికీ 16 బైట్ల పెద్ద గుర్తింపు వచ్చింది. లైనక్స్ వాళ్లు చాలాకాలం తమకంటూ ఒక గుర్తింపు పెట్టుకోకుండా మైక్రోసాఫ్ట్ మామూలు డేటా గుర్తింపునే వాడేశారు. దాంతో విండోస్ 'ఇది నాదే' అనుకుని దానికి డ్రైవ్ అక్షరం ఇచ్చేది, లోపల చూస్తే భాష అర్థమయ్యేది కాదు, వెంటనే ఫార్మాట్ అడిగేది. తర్వాత జీపీటీ ఎఫ్‌డిస్క్, గ్నూ పార్టెడ్ రాసేవాళ్లు కలిసి లైనక్స్‌కు వేరే గుర్తింపు పెట్టారు. పాత డిస్కుల్లో ఇప్పటికీ ఆ పాత గుర్తింపే ఉంటుంది. కాబట్టి ఆ ప్రశ్న వచ్చినప్పుడు క్యాన్సిల్ కొట్టండి, డిస్కు తీసేయండి. అందులో కొత్తగా ఏమీ రాయకండి.

పేర్ల గొడవ ఒకటి చెప్పాలి, ఇది నేరుగా మనకు తగిలేది. పాత డాస్‌లో పేరు 8 అక్షరాలు, చుక్క, ఇంకో 3 అక్షరాలు. తెలుగుకు చోటే లేదు. విండోస్ 95 వచ్చాక పొడవాటి పేర్లను యూనికోడ్‌లో రాయడం మొదలైంది. కానీ లైనక్స్‌లో మౌంట్ చేసేటప్పుడు యూటీఎఫ్-8 అని చెప్పకపోతే తెలుగు పేర్లన్నీ ప్రశ్నార్థకాలుగా కనబడేవి. ఇప్పుడు ఆ బాధ తగ్గింది గానీ ఇంకోటి మిగిలింది. ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో పేరుకు 255 యూనిట్లు, ఒక్కో యూనిట్ 16 బిట్లు. ఈఎక్స్‌టీ4లో 255 బైట్లు. ఇంగ్లీషుకు రెండూ ఒకటే. తెలుగులో ఒక్కో గుర్తు 3 బైట్లు తింటుంది కాబట్టి 85 గుర్తులకే నిండిపోతుంది. గుణింతాలు, ఒత్తులు విడివిడిగా లెక్క. 'క్షా' ఒక్కటే 12 బైట్లు. విండోస్‌లో పాట మొదటి చరణమంతా ఫైలు పేరుగా పెట్టి లైనక్స్‌కు కాపీ చేస్తే పేరు మరీ పొడవైందని ఎందుకు ఆగిపోతుందో ఇప్పుడు అర్థమైంది కదా. గోండి లిపులకు ఇంకా ఎక్కువ. మసారం గోండి 2017లో, ఆదిలాబాద్ గుంజాలలో దొరికిన రాతప్రతుల గుంజాల గోండి 2018లో యూనికోడ్‌లోకి వచ్చాయి. ఆలస్యంగా వచ్చినందుకు వాటికి 16 బిట్లలో చోటు దొరకలేదు. ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఒక్కో గుర్తుకు రెండు యూనిట్లు, ఈఎక్స్‌టీ4లో 4 బైట్లు కావాలి. అంటే 63 గుర్తులతో సరి. ఫైలు పేరు పొట్టిగా పెట్టి, వివరం లోపల రాసుకోవడం మంచిది.

ఈ పొడవాటి పేర్ల మీదే కోర్టు గొడవ కూడా జరిగింది. ఒకే ఫైలుకు పొడుగు పేరు, పొట్టి పేరు రెండూ దాచే పద్ధతి మీద అప్పట్లో మైక్రోసాఫ్ట్‌కు పేటెంట్లు ఉండేవి. 2009 ఫిబ్రవరిలో టామ్‌టామ్ అనే నావిగేషన్ పరికరాల కంపెనీ మీద కేసు వేసింది. టామ్‌టామ్ పరికరాల్లో నడిచేది లైనక్స్. మార్చిలోనే రాజీ అయింది, టామ్‌టామ్ డబ్బు కట్టి, రెండేళ్లలో ఆ పద్ధతి తీసేస్తానని ఒప్పుకుంది. సాంబా రాసిన ఆండ్రూ ట్రిడ్జెల్ అదే ఏడాది పేటెంటుకు తగలకుండా పేర్లు రాసే ప్యాచ్ కూడా తయారుచేశాడు. వారపు సంతకు కూడా తహబజారు కట్టమన్నట్టు అయింది పరిస్థితి. 4 జీబీ హద్దు లేని ఎక్స్‌ఫ్యాట్‌దీ ఇదే వరస. పెద్ద మెమరీ కార్డులకు అదే ప్రమాణం అయింది, కానీ లైసెన్సు కావాలి. 2018 అక్టోబరులో మైక్రోసాఫ్ట్ లైనక్స్ పేటెంట్ల కూటమి అయిన ఓపెన్ ఇన్వెన్షన్ నెట్‌వర్క్‌లో చేరింది. 2019 ఆగస్టులో ఎక్స్‌ఫ్యాట్ వివరాలు బయటపెట్టింది. 2020లో కెర్నల్ 5.7లోకి శాంసంగ్ రాసిన ఎక్స్‌ఫ్యాట్ డ్రైవర్ వచ్చింది. ఇవాళ విండోస్, లైనక్స్, మ్యాక్ మూడింటికీ తిరగాల్సిన పెన్‌డ్రైవ్‌కు మేం చెప్పేది ఎక్స్‌ఫ్యాటే. అయితే దానికి చిట్టా లేదు, రాస్తుండగా లాగేస్తే పాడవుతుంది.

ఎన్‌టీఎఫ్‌ఎస్‌కు కూడా కెర్నల్‌లోనే పూర్తి రాత వచ్చింది. పారగాన్ కంపెనీ అప్పటిదాకా అమ్ముకున్న డ్రైవర్‌ను 2020లో ఇచ్చింది, సమీక్షల్లో చాలాసార్లు తిప్పి పంపాక 2021 అక్టోబరు 31న కెర్నల్ 5.15తో విడుదలైంది. విండోస్ వైపు కూడా 2020లో డబ్ల్యూఎస్‌ఎల్2 ద్వారా లైనక్స్ డిస్కును మౌంట్ చేసే కమాండ్ వచ్చింది. తమాషా ఏంటంటే అక్కడ ఈఎక్స్‌టీ4ను చదివేది విండోస్ కాదు, విండోస్ లోపల నడిచే లైనక్స్ కెర్నల్. క్రాటోచ్విల్ 2003లో చేసిన బందీ పనే, ఈసారి అటు నుంచి ఇటు.

డ్రైవర్లన్నీ కుదిరాక కూడా ఎక్కువమంది తగులుకునేది 2012లో విండోస్ 8తో వచ్చిన ఫాస్ట్ స్టార్టప్ దగ్గర. షట్‌డౌన్ కొడితే విండోస్ పూర్తిగా ఆగదు, కెర్నల్ సగం నిద్రపోతుంది. డిస్కు ఎలా ఉందో ఆ నిద్రలో గుర్తుపెట్టుకుంటుంది. ఈలోపు మనం లైనక్స్‌లోకి వెళ్లి అదే పార్టిషన్‌లో రాస్తే, విండోస్ లేచాక పాత లెక్కతోనే మొదలుపెట్టి మనం రాసినదాని మీద రాసేస్తుంది. అందుకే లైనక్స్ అలాంటి పార్టిషన్‌లో రాయనివ్వదు. అది మొండితనం కాదు, బలవంతంగా తెరిచే కమాండ్లు నెట్‌లో దొరికాయి కదా అని వాడకండి. విండోస్‌లోకి వెళ్లి కంట్రోల్ ప్యానెల్ పవర్ ఆప్షన్స్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపేయండి. కుదరకపోతే షట్‌డౌన్ బదులు రీస్టార్ట్ కొట్టి లైనక్స్‌లోకి రండి, రీస్టార్ట్‌లో విండోస్ పూర్తిగానే ఆగుతుంది.

కొత్త ల్యాప్‌టాప్‌లలో ఇంకో సంగతి చూసుకోవాలి. చాలావాటిలో విండోస్ 11 పార్టిషన్ మనం అడగకుండానే బిట్‌లాకర్‌తో తాళం వేసి వస్తోంది. 2020లో వచ్చిన క్రిప్ట్‌సెటప్ 2.3 నుంచి లైనక్స్ దాన్ని కూడా తెరవగలదు, కానీ తాళంచెవి ఉంటేనే. ఆ చెవి 48 అంకెల రికవరీ కీ. సాధారణంగా మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో దాచి ఉంటుంది. సెకండ్ హ్యాండ్ మెషిన్ అయితే అది పాత ఓనర్ అకౌంట్‌లో ఉండొచ్చు. కాబట్టి పార్టిషన్లు ముట్టుకోకముందే విండోస్‌లోకి వెళ్లి ఆ కీ చూసి, నోట్‌బుక్‌లో చేత్తో రాసుకోండి. పాటలు, సర్టిఫికెట్లు ఇంకో డిస్కులోకి కాపీ చేశాకే ఇన్‌స్టాల్ మొదలుపెట్టండి. ఎక్కడైనా ఆగిపోతే స్క్రీన్ ఫొటో తీసి ఈ పోస్టు కింద పెట్టండి, చూసి చెబుతాం. కీ కనబడకుండా మాత్రం చూసుకోండి.